రాళ్ళకు మన వూళ్ళ పేర్లు

మన వంటిళ్ళలో గట్టు మీద పరిచే నల్లబండను కడపరాయి అంటాం. పొయ్యి దాని మీదే, పిండి కలిపేది దాని మీదే, వేడి గిన్నె దించేదీ దాని మీదే. ముప్పయ్యేళ్ళు వాడినా అది అరగదు, తరగదు. అయితే ఇల్లాళ్ళకు దానితో ఒక్కటే పేచీ. నిమ్మరసం వొలికి వెంటనే తుడవకపోతే తెల్లని మచ్చ పడుతుంది. తర్వాత ఎంత తోమినా ఆ మచ్చ పోదు.

భూగర్భ శాస్త్రజ్ఞులు రాతిని చూడగానే చేసే పరీక్షల్లో ఇదీ వొకటి. సుత్తితో పాటు వారి సంచిలో చిన్న ఆసిడ్ సీసా వుంటుంది. రాతి మీద వొక చుక్క వేసి చూస్తారు. బుసబుసమని పొంగితే అది సున్నపురాయి. మన ఆడవాళ్ళు నిమ్మకాయతో తేల్చిన సంగతినే వారు ఆసిడ్‌తో తేలుస్తారన్నమాట.

ఆ నల్లబండకు శాస్త్రగ్రంథాల్లో వున్న పేరు ‘నార్జి సున్నపురాయి’. నార్జి అంటే ఏ లాటిను మాటో, ఏ జర్మను పండితుడి పేరో కాబోలని అనుకునేరు! అది కడప జిల్లాలోని వొక పల్లె.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి రాళ్ళతో ఏం పని అని మీరు అడగవచ్చు. నన్ను ఈ దారి పట్టించినవి రాళ్ళు కావు, పేర్లు. మా కాలేజీలో భూగర్భ శాస్త్రం చెప్పే మిత్రుడి బల్ల మీద ఒకనాడు వొక పట్టిక కనిపించింది. అడుగు పొర నుంచి పై పొర దాకా రాళ్ళ పేర్లు వరుసగా రాసి వున్నాయి. గుల్చేరు, వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, బైరెనికొండ, కంభం, శ్రీశైలం. ఆ పైన బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. బస్సుస్టాండులో బోర్డు చదువుతున్నట్లే వుంది! ఆ మొదటి ‘గుల్చేరు’ ఏమిటా అని ఆరా తీస్తే, అది పాలకోవాకు పేరుపడ్డ మన గువ్వలచెరువు. ఇంగ్లీషు వారి నోట పడి అలా చిక్కిపోయింది. ప్రపంచంలో ఎక్కడ ఈ రాళ్ళను గురించి వ్యాసం రాసినా మన పల్లెల పేర్లు తలవకుండా కలం కదలదు.

ఈ రాళ్ళ మొదటి పద్దును గ్రంథంగా కూర్చినవాడు విలియం కింగ్. భారత భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగి. ‘కడప, కర్నూలు రాతి శ్రేణులు’ అనే విషయం మీద ఆయన రాసిన గ్రంథం 1872లో అచ్చయింది. తండ్రి పేరూ విలియం కింగే. ఐర్లండులోని గాల్వే కాలేజీలో ఆచార్యుడు. ఐరోపాలో దొరికిన ఆదిమ మానవుడికి ‘నియాండర్తల్’ జాతి అని శాస్త్రీయంగా నామకరణం చేసింది ఆ తండ్రే. తండ్రి మనుషుల జాతికి పేరు పెడితే, కొడుకు మన రాళ్ళకు పేర్లు పెట్టాడు. అదైనా సొంతంగా కల్పించి పెట్టలేదు. పెద్ద శ్రేణులకు పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, కృష్ణ, కుందేరు అని మన నదుల పేర్లూ, కొండల పేర్లూ పెట్టాడు. చిన్న పొరలకు అవి బాగా కనిపించే పల్లెల పేర్లు పెట్టాడు.

శాస్త్రజ్ఞులు కడప హరివాణం అనే ఈ రాతి సీమ పటంలో నెలవంకలా వుంటుంది. వైశాల్యం 44,500 చదరపు కిలోమీటర్లు. ఇందులోని అడుగు పొరలు దాదాపు 190 కోట్ల ఏళ్ళనాటివి. అప్పుడిక్కడ వున్నది లోతులేని సముద్రం. అందులో చేప లేదు, వొడ్డున గడ్డిపరక లేదు. వున్నవల్లా కంటికి కనిపించని సూక్ష్మజీవులు. అవి పొర మీద పొరగా కట్టుకున్న గూళ్ళు వేంపల్లె రాళ్ళలో ఇప్పటికీ కనిపిస్తాయి. అడ్డంగా కోసిన ఉల్లిపాయలో చుట్లు ఎలా వుంటాయో ఆ రాతిలో గీతలు అలా వుంటాయి.

ఈ పొరలు చదవటం ఎలాగో తెలియాలంటే తిరుమల ఘాటురోడ్డు ఎక్కినవారికి చెప్పటం తేలిక. కొండ ఎక్కేటప్పుడు మనం గోవిందనామాలు చెప్పుకుంటూనో, మలుపులకు కళ్ళు తిరిగి కిటికీకి తల ఆనించుకునో వుంటాం కాని, పక్కనున్న రాతిగోడను చూడం. ఒకచోట కింద గ్రానైటు, దాని నెత్తిన పేర్చినట్టు మరో రకం రాతి పొరలు, రెంటికీ నడుమ తెగ గీసినట్టు వొక గీటు వుంది. ఆ గీటు దగ్గర దాదాపు 80 కోట్ల ఏళ్ళ చరిత్ర లోపించిందని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. ఆ కాలపు పొరలు గాలికీ వానకీ కొట్టుకుపోయాయి. పాత తాళపత్ర గ్రంథంలో నడుమ ఆకులు చెదలు తిన్నట్టే. పోయిన ఆకులో ఏముందో ఏ పండితుడూ చెప్పలేడు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని వుంది.

పట్టిక చూసిన తర్వాత ఆ వూళ్ళు చూడకుండా వుండబట్టలేదు. సంక్రాంతి సెలవులు వెళ్ళీ వెళ్ళకముందే మా ఆవిడనూ, ఇంటరు చదివే మా అమ్మాయినీ వెంటబెట్టుకుని నంద్యాలలో దిగాను. మా ఆవిడకు యాగంటి చూడాలని ఏనాటి నుంచో కోరిక. అమ్మాయికి సెలవు ఎలాగైనా గడిస్తే చాలు. నా రాళ్ళ సంగతి నేను బయటపెట్టలేదు.

నంద్యాల దాటగానే కుందేరు. ఇరుపక్కలా నల్లరేగడి, చదునుగా పళ్ళెంలా పరుచుకున్న నేల. తూర్పున నల్లమల నీలంగా గీత గీసినట్టుంటే, పడమట ఎర్రమల దగ్గరవుతూ వస్తుంది. ఎర్రమల కొండలకు శిఖరాలంటూ వుండవు. కత్తితో కోసిన బర్ఫీలా పైన బల్లపరుపుగా వుంటాయి. పొరలు వంగకుండా పడుకున్న చోట కొండలు అలాగే మిగులుతాయట. పాణ్యం దగ్గర బస్సు ఆగినప్పుడు, “పాణ్యం రాయి అంటే ఈ వూరిదే” అని మా అమ్మాయికి చూపించబోయాను. అది సెల్‌ఫోను మీంచి తల ఎత్తి, “రాయి కూడా చూడ్డానికి వచ్చామా నాన్నా?” అన్నది. రహస్యం అక్కడికే బయటపడింది.

బనగానపల్లె పేరు చెబితే ఎవరికైనా నోరూరేది మామిడిపండుకే. కాని ఆ వూరికి అంతకన్న పాత ప్రతిష్ఠ వుంది. ఇక్కడి గులకరాళ్ళ పొరలో వజ్రాలున్నాయి. వెనకటి రోజుల్లో జనం గుంటలు తవ్వి, ఆ రాతిని పగలగొట్టి, కడిగి, జల్లించి వజ్రాలు ఏరేవారు. వూరికి దగ్గరలో రవ్వలకొండ వుంది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం చెప్పినది ఆ కొండ గుహలోనేనని భక్తుల విశ్వాసం. ఆయన రాబోయే కాలం గురించి చెప్పిన కొండే, జరిగిపోయిన కాలం గురించి శాస్త్రజ్ఞులకు చెప్పటం విశేషం.

యాగంటిలో ఉమామహేశ్వరుడి దర్శనం చేసుకున్నాం. కోనేట్లో నీరు నిర్మలంగా కదులుతూ వుంది. నంది ఏటేటా పెరుగుతున్నాడని పూజారిగారు చెప్పారు. మా ఆవిడ రెండు చేతులూ జోడించింది. కొండలో అగస్త్య గుహ, వీరబ్రహ్మం గుహ అంటూ చల్లని గుహలున్నాయి. మెట్లెక్కి అలిసిపోయి గుహలో కూచున్నప్పుడు అమ్మాయే అడిగింది, ఇంత రాతిని తొలిచింది ఎవరని. వాన అన్నాను. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ వచ్చే బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపు సున్నపురాతి పగుళ్ళలో దిగి లక్షల ఏళ్ళుగా దాన్ని కరిగిస్తుంది. “మన గట్టు మీద నిమ్మకాయ మచ్చ లాగే కదండీ!” అన్నది మా ఆవిడ. నేను మూడు పేజీల్లో రాసుకున్న పాఠం ఆవిడ వొక్క ముక్కలో తేల్చింది.

ఈ కరుగుడు వల్లనే ఎర్రమల ప్రాంతమంతా గుహలమయమైంది. రాయలసీమ మాటలో గవులు. వీటిలో పెద్దది కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గవి. 1982, 83 సంవత్సరాల్లో గెబవర్ అనే జర్మను శాస్త్రజ్ఞుడి బృందం దానిలో దూరి కొలిస్తే 3,229 మీటర్లు తేలింది. ఇప్పుడు అందులో దీపాలు పెట్టి, బాటలు వేసి యాత్రికులకు చూపిస్తున్నారు. కాని నేను చూడాలనుకున్నవి దీపాలు లేని చోట్లు.

మొదటిది జ్వాలాపురం. బనగానపల్లె ప్రాంతంలోనే, జుర్రేరు లోయలో చిన్న వూరు. జొన్నచేలు, కందిచేలు, చుట్టూ ఎర్రరాళ్ళ కొండలు. చేల నడుమ అక్కడక్కడ గుంటలు. ఆ గుంటల గోడల్లో నల్లమట్టికీ ఎర్రమట్టికీ నడుమ తెల్లగా, పొడిపొడిగా, పిండిలాంటి పొర వొకటి కనిపిస్తుంది. చేతికి తీసుకుని వేళ్ళ మధ్య నలిపితే మెత్తగానే వుంటుంది కాని, సన్నగా గరగరలాడుతుంది. గాజు మరి! కంటికి ఆనని గాజు రేణువులు.

ఆ పొడి మన నేలది కాదు. సుమత్రా ద్వీపంలో తోబా అనే సరస్సు వుంది. వంద కిలోమీటర్ల పొడవు, ముప్పయి కిలోమీటర్ల వెడల్పు. అది వొక అగ్నిపర్వతపు నోరు. దాదాపు 74 వేల ఏళ్ళ కిందట అది బద్దలైంది. గడచిన ఇరవై లక్షల ఏళ్ళలో భూమి మీద అంతటి పేలుడు మరొకటి జరగలేదంటారు. ఆ బూడిద బంగాళాఖాతం దాటి, రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు గాలిలో ప్రయాణం చేసి, మన కర్నూలు కొండల మీద వెన్నెల రాలినట్టు రాలింది. రాలినది కొద్ది అంగుళాలే. తర్వాత వానలకు కొండవాలు నుంచి పల్లానికి కొట్టుకువచ్చి, కొన్నిచోట్ల రెండున్నర మీటర్ల మందాన పేరుకుంది. జ్వాలాపురం అనే పేరుకూ ఈ జ్వాలకూ ఏ సంబంధమూ లేదు. ఆ పేరు పెట్టినవారికి సుమత్రా సంగతి తెలిసే వీలులేదు. అయినా వొక్కొక్కప్పుడు భాష ఇలాంటి తమాషాలు చేస్తుంది.

ధార్వాడ విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, అప్పట్లో కేంబ్రిడ్జిలో వుండిన మైకేల్ పెట్రాగ్లియా కలిసి, అనేక దేశాల శాస్త్రజ్ఞులను తోడు తెచ్చుకుని ఇక్కడ తవ్వారు. బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. పైవాటికీ కిందివాటికీ పోలిక వుంది. 2007లో వారు ఆ సంగతి ప్రకటించగానే పెద్ద చర్చ లేచింది. ఎందుకంటే, తోబా పేలుడుతో ఏళ్ళ తరబడి ఎండ సోకక, చలి పట్టి, మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకు పోయిందని కొందరు పండితుల వాదం. జుర్రేరు లోయ మనుషులు మాత్రం ఆ బూడిద దులుపుకుని మళ్ళీ రాళ్ళు చెక్కుకుంటూ కూచున్నట్టు ఈ పనిముట్లు చెబుతున్నాయి. ఈ మాటను వొప్పుకోనివారూ వున్నారు. వారి వాదాలు వారివి. అయితే తగువు తీర్చే సాక్షి మాత్రం ఈ తెల్ల పొరే.

ఆ సాక్షి గతి ఏమవుతున్నదో చేను గట్టున కూచున్న వొక పెద్దాయన చెప్పాడు.

“యాడ్నుంచి వచ్చినారు సార్? ఈ తెల్లమన్ను చూడనా? ఇప్పుడేముంది. ముందు చానా వుండె. తవ్వి లారీలకెత్తి అమ్ముకున్నారు.”

“దేనికి పెద్దాయనా?”

“గిన్నెలు తోమే పొడికి సార్. దీంతో తోమితే తళతళ మెరుస్తాయంట.”

మా ఆవిడ నా వంక చూసింది. గాజు రేణువులు కదా, తోమటానికి భేషుగ్గా పనికొస్తాయి. 74 వేల ఏళ్ళ కిందట సుమత్రాలో ఎగసి, సముద్రం దాటి వచ్చి, మానవజాతి కథలో వొక పేజీని భద్రంగా కప్పి వుంచిన బూడిద ఎవరి ఇంట్లోనో పాలగిన్నె మాడు వదిలించింది. పెద్దాయనను నేనేమీ అనలేకపోయాను. వానలు లేని ఏడు చేనుకింద మన్నుకు నాలుగు డబ్బులొస్తే ఎవరు వద్దంటారు? పైగా మరొక సంగతి కూడా వుంది. గుంటలు తవ్వకపోతే ఆ పొర బయటివారి కంట పడటమే కష్టం. తవ్వితేనే కనబడేది, తవ్వితే మాయమయ్యేది. ఇదీ చిక్కు.

మర్నాడు బేతంచర్ల వెళ్ళాం. వూరి దగ్గర పడుతుండగానే రాతి కోత యంత్రాల రొద. రోడ్డుకు రెండు పక్కలా నిలబెట్టిన నాపరాళ్ళు, పాలిషు పట్టిన బండలు, తెల్లని దుమ్ము పట్టిన చెట్లు. ఇక్కడి రాతి మీద ఎన్ని వేల కుటుంబాలు బతుకుతున్నాయో ఆ వీధి చూస్తే తెలుస్తుంది.

వూరికి కాస్త దూరంలో కొండ నడుమ లోతైన సందు వుంది. ఎర్రని సున్నపురాతి గోడలు. ఒకచోట గోడ నుంచి గోడకు సహజంగా ఏర్పడిన రాతి తోరణం. గుహ కప్పు కూలిపోయి మిగిలిన సందు అది. గోడల్లో నోళ్ళు తెరుచుకుని గవులు. తేనెపట్లు, పావురాల రెక్కల చప్పుడు. దీన్ని పుస్తకాల్లో బిల్లసర్గం అంటారు. బిలసర్గమనీ, బిలస్వర్గమనీ అనేవారూ వున్నారు. బిలంలో స్వర్గం అనుకుంటే నాకు ముచ్చటేసింది.

1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఈ గుహల్లో ఎముకలున్నాయని మొదట రాశాడు. నలభై ఏళ్ళ దాకా ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఇంగ్లండులో హక్స్‌లీ పండితుడు గుర్తుచేసిన మీదట మదరాసు గవర్నరు గ్రాంట్ డఫ్ పూనుకుని, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్‌ను పంపించాడు. ఈ ఫుట్ సామాన్యుడు కాదు. 1863లో మదరాసు పక్క పల్లావరంలో రాతి గొడ్డలి ఏరి, మన దేశంలో పాతరాతియుగం మనుషులుండేవారని లోకానికి చాటినవాడు. బిల్లసర్గంలో ఆయన కొంత తవ్వి వేరే పని మీద వెళ్ళవలసి వస్తే, సైన్యంలో లెఫ్టినెంటుగా వున్న ఆయన కొడుకు హెన్రీ మిగతా పని సాగించాడు. తవ్విన గుహలకు వారు ‘కథీడ్రల్’, ‘చార్నెల్ హౌస్’, ‘పర్గెటరీ’ అని పేర్లు పెట్టుకున్నారు. అంటే పెద్ద చర్చి, ఎముకల కొట్టు, పాపాలు కడిగే లోకం. మనవాళ్ళు స్వర్గమన్న చోట దొరగారికి పాపాలు కడిగే లోకం కనిపించింది. లోకో భిన్నరుచిః!

అక్కడ దొరికిన ఎముకలను పరిశీలించి లిడెక్కర్ అనే శాస్త్రజ్ఞుడు 1886లో గ్రంథం రాశాడు. అందులో వొక ఖడ్గమృగానికి ‘కర్నూలు’ పేరే కలిపి నామకరణం చేశాడు. అవును, ఖడ్గమృగమే! ఈనాడు అస్సాం వంటి చోట్ల అడవులకు పోతే తప్ప మనకు కనపడని జంతువు ఒకప్పుడు బేతంచర్ల పొదల్లో తిరిగింది. తర్వాత 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తిగారు దగ్గరలోనే ‘ముచ్చట్ల చింతమాను గవి’లో తవ్వి, ఎముక పనిముట్లతో పాటు సుమారు 17 వేల ఏళ్ళ నాటి పొయ్యి ఆనవాళ్ళు బయటపెట్టారు. ఎంత చక్కని పేరో చూడండి, ముచ్చట్ల చింతమాను గవి! ఆ పొయ్యి చుట్టూ చేరినవారు ఏ భాషలోనో ముచ్చట్లు చెప్పుకునే వుంటారు.

ఇక నా మాటకు అసలైన ఆధారం ఇక్కడే వుంది. ఫుట్ కాలంలో ఎముక వయసు చెప్పే సాధనాలు లేవు. ఆయన తన కాలపు తెలివితో తవ్వి, తన కాలపు తెలివితో రాశాడు. అదృష్టవశాత్తు మన్నంతా తవ్వెయ్యలేదు. కొంత మిగిలింది. ఆయన వదిలిన ఆ మట్టిలోనే నూటపాతికేళ్ళ తర్వాత కోరిశెట్టర్, పెట్రాగ్లియా బృందం మళ్ళీ కందకాలు తీసింది. ఇసుక రేణువు చివరిసారి వెలుతురు చూసి ఎన్నేళ్ళయిందో చెప్పే పద్ధతులు అప్పటికి వచ్చాయి. వారి లెక్కలు 2014లో వెలువడ్డాయి. రెండు లక్షల ఏళ్ళ పొరల్లో 21 రకాల జంతువుల ఎముకలు గుర్తిస్తే, వాటిలో వొక్కటి తప్ప మిగిలిన జాతులన్నీ ఈనాటికీ మన ఉపఖండంలో ఎక్కడో వొకచోట బతికే వున్నాయి!

ఈ మాటను కాస్త నిలిచి ఆలోచించాలి. అమెరికాలోనూ, ఆస్ట్రేలియాలోనూ పెద్ద పెద్ద మృగాలు ఆ కాలంలోనే గుంపులు గుంపులుగా అంతరించాయి. మన దగ్గర కరువులు గడిచాయి, చలికాలాలు గడిచాయి, నడుమ తోబా బూడిద రాలింది, మనుషులు ఈటెలు పట్టుకుని పక్కనే తిరిగారు. అయినా జాతులు నిలిచాయి. ఒకచోట మేత లేకపోతే మరొక చోటికి పోవటానికి అడవికీ అడవికీ మధ్య దారి వుండేది గనుక నిలిచి వుంటాయని శాస్త్రజ్ఞుల వూహ. రెండు లక్షల ఏళ్ళు నిలిచినవి ఇక ముందు నిలుస్తాయా లేదా అన్నది అగ్నిపర్వతాల చేతిలో లేదు. మన చేతిలో వుంది.

మన చేతిలో వున్నదానికి వొక మంచి ఉదాహరణ కూడా ఈ రాతిసీమలోనే వుంది. కడప పక్క లంకమల అడివంచున కలివిపొదల్లో బతికే చిన్న పిట్ట కలివికోడి. జెర్డన్ అనే సైనిక వైద్యుడు 1848లో దీన్ని మొదట లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారు వూరూరా దాని బొమ్మ చూపించి అడగగా, 1986 జనవరిలో వొక స్థానిక వేటగాడు రాత్రివేళ దీపం వెలుగులో దాన్ని పట్టి తెచ్చాడు. పుస్తకాల్లో ఎనభై ఆరేళ్ళుగా లేని పిట్ట వేటగాడి ఎరికలో వుంది! తర్వాత అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలువ దారిని పక్కకు తప్పించారు. రాయలసీమలో కాలువ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ నీటిబొట్టు బంగారం. అలాంటి కాలువే జానెడు పిట్టకు దారి ఇచ్చింది.

కాలువ పక్కకు జరిగినప్పుడు క్వారీ నాలుగు గజాలు జరగలేదా? రాతి పని ఆపమని నేననటం లేదు. ఆ పని ఆగితే బేతంచర్ల వీధిలో పొయ్యి వెలగదు. మంగంపేటలో ముగ్గురాయి గని వుంది. ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో వొకటి. దాన్ని తవ్వుకుంటూనే, ఆ నిక్షేపానికి భూగర్భ శాఖవారు జాతీయ స్మారకమనే గౌరవం ఇచ్చారు. తిరుమల శిలాతోరణానికీ, ఘాటురోడ్డు మీది ఆ గీటుకూ అదే గౌరవం దక్కింది. జ్వాలాపురంలో కావలసింది కూడా ఎంతో కాదు. మన్ను తీసిన గుంటలో వొక పక్క గోడ, పై మట్టి నుంచి అడుగు మట్టి దాకా, బూడిద పొరతో సహా కదల్చకుండా వుంచాలి. దాని చుట్టూ వొక కంచె, తెలుగులో నాలుగు మాటలు రాసిన బోర్డు, నష్టపోయిన రైతుకు న్యాయమైన పరిహారం వుంటే చాలు.

తాళపత్రాలను చెదలు తింటే మనం విచారిస్తాం. అయినా వొక ప్రతి పోతే మరొక వూళ్ళో మరొక ప్రతి దొరకవచ్చు. వెనక మన పండితులు అలా వెతికి వెతికి ఎన్నో కావ్యాలను బతికించారు. నేలపొరలకు రెండో ప్రతి లేదు. తిరుమల గీటు దగ్గర ఆకులు చింపినది గాలీ, వానా. వాటినేమీ అనలేం. జ్వాలాపురంలో చింపేది మనం.

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి నా పట్టిక తీసుకుని, బస్సు ఆగిన వూళ్ళ పేర్లకు ఎదురుగా పెన్సిలుతో టిక్కులు పెట్టుకుంటూ కూచుంది. బనగానపల్లె, పాణ్యం, నంద్యాల. ఇంకా పదకొండు వూళ్ళు మిగిలాయి. వేసవి సెలవుల్లో గండికోటా, వేంపల్లె వెళ్ళాలని ఇప్పటినుంచే పేచీ పెడుతోంది. పిల్లలున్నవారు మీరూ వొకసారి వెళ్ళి చూడండి. నంద్యాల నుంచి బనగానపల్లెకు బస్సులున్నాయి. యాగంటి దర్శనం చేసుకుని, జుర్రేరు లోయలో దిగి, ఆ తెల్లని పొరను పిల్లలకు చూపించండి. చిటికెడు కూడా మూట కట్టుకోకండి. అది వున్నచోటే వుంటేనే దానికి మాట వస్తుంది.